వేకువ దుప్పటి పని ఆపేస్తున్నాను, అడ్వాన్సులు వెనక్కి పంపుతున్నాను

అందరికీ నమస్కారం.

వేకువ దుప్పటి ఎంతవరకు వచ్చిందని చాలామంది అడుగుతున్నారు. బుక్ చేసుకున్నవాళ్లతో పాటు, ఫొటోలు చూసి ముచ్చటపడినవాళ్లు కూడా అడుగుతున్నారు. అందుకే అందరికీ ఒకేసారి చెబుతున్నాను. ఆ దుప్పటి పని ఆపేశాను. దాని మీదికి మనసు పోవడం లేదు. అడ్వాన్సు ఇచ్చిన ప్రతి ఒక్కరికీ ఈ వారంలోనే మొత్తం డబ్బు తిరిగి పంపేస్తాను, మీరు అడగక్కర్లేదు. టోపీలు, పసిపిల్లల మేజోళ్లు, సంచులు లాంటి మిగతా ఆర్డర్లన్నీ చెప్పిన తేదీలకే వస్తాయి. వాటి గురించి ఎవరూ టెన్షన్ పడొద్దు.

డబ్బు సంగతి అంతే. ఇక ఎందుకు ఆపానన్నది. నా మాట నమ్మి ముందుగా డబ్బు కట్టినవాళ్లకు ఆ కారణం కూడా తెలియాలి.

ఈ మధ్యే మనతో చేరినవాళ్ల కోసం ఆ దుప్పటి ఎలాంటిదో చెబుతాను. క్రోషేతో, అంటే కొస వంగిన హుక్‌తో దారం అల్లే పనితో, ఆరంగుళాల చదరాలు అల్లి, అడ్డంగా 12, నిలువుగా 12 పేర్చి కలిపితే ఆరడుగుల దుప్పటి అవుతుంది. మొత్తం 144 చదరాలు. ప్రతి చదరంలో నాలుగు చుట్లు, చుట్టుకో రంగు. పై మూలలో అర్ధరాత్రి నీలంతో మొదలై, ఐమూలగా ఒక్కో వరుస దిగేకొద్దీ ఒక రంగు తప్పుకుని దాని పక్క రంగు వచ్చి చేరుతుంది. అలా నీలం బూడిద రంగుగా, బూడిద లేత ఊదాగా, ఊదా గులాబీగా మారుతూ కింది మూలకు వచ్చేసరికి లేత పసుపు అవుతుంది. ఐమూల వరుసలు 23, రంగులు 26. దారం నూలుది, హుక్ నాలుగు మిల్లీమీటర్లది.

నాకు ప్రాణంగా ఉండింది ఆ 26 రంగులు. ఏ బూడిద తర్వాత ఏ ఊదా రావాలి, ఎక్కడ చల్లదనం పోయి వెచ్చదనం మొదలవ్వాలి, దారం ఉండల్ని నేల మీద పరిచి పగటి వెలుగులో ఒకసారి, లైటు వెలుగులో ఒకసారి చూసుకుంటూ గడిపిన సమయం ఈ పని మొత్తంలో నాకు బాగా నచ్చిన భాగం. దుకాణం లైటు కింద ఒకేలా కనిపించే రెండు బూడిదలు కిటికీ దగ్గర పెడితే ఒకటి ఆకుపచ్చకు, ఇంకోటి ఊదాకు లాగుతాయి. అలాంటివి పట్టుకోవడమంటే నాకు మహా ఇష్టం. ఆ వరుస కుదిరిన రోజే నా వరకు దుప్పటి కళ్ల ముందు పూర్తిగా కనిపించేసింది. ఆ తర్వాత నేను నిర్ణయించాల్సింది ఏమీ మిగల్లేదు. మిగిలిందంతా అల్లడమే.

అల్లడం విసుగని నేననను, రోజూ చేసే పని అదే కదా. కానీ ఈ డిజైన్ తీరులోనే ఒక చిక్కుంది. మూల నుంచి మొదలుపెడితే మొదటి ఐమూల వరుసకు ఒక్క చదరం చాలు. రెండోదానికి రెండు, మూడోదానికి మూడు. హుక్ పట్టుకున్న కాసేపటికే కొత్త రంగు చేతికొస్తుంది, ఆ ఉత్సాహంతో ఇంకోటి మొదలుపెడతాం. మధ్యకు వచ్చేకొద్దీ అవే రంగులతో పది, పదకొండు, పన్నెండు చదరాలు ఒకదాని వెంట ఒకటి అల్లితే తప్ప తర్వాతి రంగు రాదు. నేను ఆగింది సరిగ్గా అక్కడే, పన్నెండో వరుస చివర. అప్పటికి 78 చదరాలయ్యాయి. ఇంకా 66 ఉన్నాయి.

సగం దాటేశారు కదా, ఇక్కడి నుంచి వరుసలు చిన్నవవుతూ పోతాయి కదా అని ఒకరన్నారు. నిజమే. అయితే చదరాలు అయిపోయాక అసలు పని ఉంటుంది. చుట్టు చుట్టుకీ రంగు మారుతుంది కాబట్టి ఒక్కో రంగుకి మొదలు ఒక కొస, చివర ఒక కొస. చదరానికి ఎనిమిది, దుప్పటికి 1,152 కొసలు. నూలు దారం నున్నగా ఉంటుంది, ఊలులా పోగు పోగుని పట్టుకోదు. కొసని సూదితో ఒక వైపు దూర్చి, వెనక్కి తిప్పి, మళ్లీ ఇంకో వైపు దూర్చకపోతే నాలుగు ఉతుకులకే బయటికి వచ్చేస్తుంది. ఆ తర్వాత చదరాలను ఒకదానితో ఒకటి కలపాలి. లోపలి అంచులు 264, ఒక్కోటి ఆరంగుళాలు. అంటే 132 అడుగుల కుట్టు. చుట్టూ వచ్చే బోర్డరు ఇందులో లేదు.

ఇవన్నీ ముందే తెలుసు. ఇష్టంతో చేస్తున్నప్పుడు ఆ లెక్కలు నన్ను ఏనాడూ భయపెట్టలేదు, ఇంతకంటే ఎక్కువ కొసలున్నవి కూడా చేసి ఇచ్చాను. ఈసారి దుప్పటి చదరాలు పెట్టుకున్న సంచి దగ్గరకు వెళ్లాలంటేనే ఒళ్లు బరువెక్కుతోంది. అలసటేమో అనుకుని కొన్నాళ్లు పక్కన పెట్టాను. ఆ రోజుల్లోనే ఒక పాపాయి టోపీ ఆర్డరొస్తే కూర్చున్న చోటు నుంచి లేవకుండా అల్లేశాను, ఒంటికి అలసటే తెలియలేదు. మళ్లీ దుప్పటి చదరం తీస్తే రెండో చుట్టు దగ్గరే చెయ్యి ఆగిపోయింది. ఇది అలసట కాదని అప్పుడు నాకు స్పష్టమైంది.

ఇష్టం లేకపోయినా ఓపిక చేసుకుని ముగించేయొచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. ఫొటోలో అయితే ఆ తేడా దొరకదు, కొలిస్తే దొరుకుతుంది. పన్నెండో వరుస చదరాలను టేపు పెట్టి చూశాను. అదే దారం, అదే హుక్, అదే కుట్ల లెక్క, అయినా పావంగుళం చిన్నవయ్యాయి. విసుగ్గా ఉన్నప్పుడు నా వేళ్లు దారాన్ని బిగించి పట్టుకుంటాయి. క్రోషే అల్లే ఎవరినడిగినా చెబుతారు, చేతి బిగువు మనసును బట్టి మారిపోతుంది. పావంగుళమే కదా అనుకోవడానికి లేదు. ఒకే అడ్డ వరుసలో అలాంటివి ఎనిమిది పడితే రెండంగుళాల తేడా వస్తుంది. అప్పుడు దుప్పటి ఒకచోట లాగేసినట్టు, పక్కనే ఉబ్బినట్టు ఉంటుంది. తడిపి, పిన్నులు గుచ్చి సాగదీసి ఆరబెడితే నేను ఫొటో తీసే నాటికి చదునుగానే కనిపిస్తుంది. మీ ఇంట్లో ఉతికాక మళ్లీ ముడుచుకుంటుంది. అలాంటిది నా పేరుతో మీ ఇంటికి పంపలేను.

ఇంకో సలహా కూడా వచ్చింది, మిగతావి వేరేవాళ్లతో అల్లించమని. దానికీ అడ్డు ఈ బిగువే. ఏ ఇద్దరి చేతులూ ఒకేలా అల్లవు. మొదటి చదరం నుంచీ పంచుకుని, కొలతలు సరిచూసుకుంటూ చేస్తే వేరు, సగం దగ్గర చెయ్యి మారితే ఆ గీత దుప్పటి మధ్యలో ఐమూలగా కనపడుతూనే ఉంటుంది. పైగా మీరు నా చేతి పని అనే నన్ను అడిగారు.

ఇన్ని చదరాలయ్యాక వదిలేస్తే ఆ కష్టమంతా బూడిదలో పోసినట్టే కదా అన్నది నన్ను ఎక్కువ రోజులు పట్టి ఉంచిన ప్రశ్న. హాల్ ఆర్క్స్, కేథరిన్ బ్లూమర్ అనే ఇద్దరు 1985లో ప్రచురించిన ఒక పరిశోధన ఇక్కడ నాకు పనికొచ్చింది. ఒక నాటకశాలలో సీజన్ టికెట్లు కొన్నవాళ్లలో కొందరికి పూర్తి ధరకే, కొందరికి తగ్గింపు ధరకు ఇచ్చారు. చూడబోయే నాటకాలు అందరికీ అవే. కానీ సీజన్ మొదటి సగంలో పూర్తి ధర కట్టినవాళ్లే ఎక్కువ నాటకాలకు వెళ్లారు. కట్టేసిన డబ్బు వాళ్లను నడిపించింది. నన్ను ఆ సంచి దగ్గరకు నడిపిస్తున్నదీ అలాంటిదేనని చదువుతుంటే అర్థమైంది. అయిన 78 చదరాల కష్టం నేను ముగించినా తిరిగి రాదు, ఆపినా తిరిగి రాదు. ఇక ముందు పెట్టబోయే సమయం మాత్రం నా చేతిలోనే ఉంది. దాన్ని ఇష్టంగా చేసే పనికి పెడితే మీకూ మంచి వస్తువు వస్తుంది.

ఇప్పుడు ఆ చదరాల సంగతి. వాటిని విప్పను. రంగుల వరుస ఇప్పటికీ నా కంటికి అంతే అందంగా ఉంది. ఒకరోజు వాటిని మూడు అడ్డం, మూడు నిలువు చొప్పున విడదీసి పరిచి చూశాను. తొమ్మిది చదరాలకి పద్దెనిమిది అంగుళాల కుషన్ కవరు ముందు భాగం సరిగ్గా సరిపోతుంది. ఒక్కో దానిలో ఐదు ఐమూల వరుసలు పడతాయి కాబట్టి రంగు మారడం కూడా చక్కగా తెలుస్తుంది. బిగుసుకుపోయిన ఆ చివరి వరుసను ముట్టుకోకుండానే ఆరు కవర్లు వస్తాయి. ప్రతి కవరు మీదా ఆకాశంలో ఒక ముక్క ఉంటుంది, రంగుల్లో మూడు రకాలు వస్తాయి: ఒక రకంలో ఒకటి, ఇంకో రకంలో రెండు, మరో రకంలో మూడు. వెనక వైపుకు ఏ రంగు వేయాలా అని ఆలోచిస్తుంటే చాలా కాలం తర్వాత ఉండలన్నీ మళ్లీ నేల మీదకు దించాను. మొదటి కవరు కలపడం మొదలుపెట్టాను కూడా.

ఆ ఆరు ముందుగా దుప్పటి బుక్ చేసుకున్నవాళ్లకే, బుక్ చేసిన వరుసలోనే అడుగుతాను. వద్దంటే మొహమాటపడకుండా చెప్పేయండి, తర్వాతివాళ్లను అడుగుతాను. ఇవి పూర్తయి, ఒకసారి ఉతికి కొలతలు చూసుకున్నాకే మీకు ఫొటో పంపుతాను, డబ్బు కూడా అప్పుడే తీసుకుంటాను. ఇకపై పెద్ద పని ఏది మొదలుపెట్టినా ఇదే పద్ధతి. చదరాలన్నీ కలిపి, కొసలన్నీ దాచాకే బుకింగ్ తెరుస్తాను.

దుప్పటే కావాలి, సొంతంగా అల్లుకుంటాం అనేవాళ్లు కొందరున్నారు. మీకు 26 రంగుల వరుస, చదరం చార్టు ఉచితంగా పంపిస్తాను, ఒక్క మెసేజ్ పెట్టండి. దారం కొనేటప్పుడు ఒక్కో రంగులో కావాల్సిన ఉండలన్నీ ఒకేసారి తీసుకోండి, లేబుల్ మీద లాట్ నంబరు (ఒకే విడతలో రంగు వేసిన దారానికి ఇచ్చే నంబరు) ఒకటేనా అని చూసుకోండి. అదే రంగు నంబరైనా వేరే లాట్‌ది కాస్త ముదురుగానో లేతగానో వస్తుంది, రంగులు ఇంత మెల్లగా మారే డిజైన్‌లో ఆ కాస్తా కనిపిస్తుంది. అల్లేటప్పుడు మూల నుంచి వరుసగా పోవద్దు. ఈ రోజు మూడో వరుసలోది, రేపు ఇరవయ్యోదానిలోది, ఎల్లుండి మధ్యలోది, అలా మార్చుకుంటూ అల్లండి. ఏ చదరానికి ఆ చదరం కొసలు దాచేసి, వెనక వరుస నంబరు రాసిన చిన్న చీటీ కట్టి పెట్టుకుంటే చివర పేర్చడానికి తికమక ఉండదు.