హాస్టల్‌కు పంపే ముందు ఒక్క కాగితం ఇవ్వండి

సంపాదకులు గారికి నమస్కారం.

మాది నల్లగొండ జిల్లా మునుగోడు మండలంలో ఒక ఊరు. నేను అంగన్‌వాడీ టీచర్‌ను. మా ఆయన రెండెకరాల్లో పత్తి వేస్తాడు. మా చిన్నబిడ్డకు ఈసారి దోస్త్‌లో, అంటే డిగ్రీ సీట్లిచ్చే ఆన్‌లైన్ పద్ధతిలో, హైదరాబాద్ కోఠీ మహిళా కళాశాలలో డిగ్రీ సీటు వచ్చింది. నోటికి అలవాటై అందరం అట్లనే అంటాం గానీ, ఇప్పుడది వీరనారి చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం. వారం రోజులుగా ఇంట్లో సామాను సర్దే పనే నడుస్తోంది. సర్దుతుంటే మూడేళ్ల కింద పెద్దబిడ్డను హాస్టల్‌లో వేయడానికి పోయిన రోజు కళ్లముందు తిరుగుతోంది. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

పెద్దబిడ్డ చదివింది వేరే కాలేజీలో. అదీ హైదరాబాద్‌లో పాత కాలేజీయే. పేరు రాయను. ఆ పొద్దు తెల్లవారుజామున ట్రంకు పెట్టె, బకెట్, బియ్యం సంచి అంత పరుపు చుట్ట ఆటోలో వేసుకుని చౌటుప్పల్ పోయి బస్సెక్కాం. అప్పటికి ఆడవాళ్లకు ఫ్రీ బస్సు రాలేదు, ముగ్గురికీ టికెట్లు కొన్నాం. పదింటికల్లా కాలేజీలో ఉన్నాం. ఆఫీసు కిటికీ దగ్గర మా వంతు వచ్చేసరికి పన్నెండు దాటింది. మూడు సెట్ల జిరాక్సులు, ఆరు ఫొటోలు, డాక్టర్ సర్టిఫికెట్, లోకల్ గార్డియన్ సంతకం కావాలన్నారు. ఇవేవీ మాకు ఎవరూ చెప్పలేదు. హైదరాబాద్‌లో మాకు చుట్టాలే లేరు, గార్డియన్‌ను ఎక్కడి నుంచి తేవాలి? మా ఆయన జిరాక్సుల కోసం రోడ్డు మీదికి ఉరికాడు. నేను, బిడ్డ ఆ రాతి మెట్ల పక్కన సామాను కాపలా కాస్తూ కూర్చున్నాం. వాచ్‌మన్ వచ్చి సామాను ఇక్కడ పెట్టొద్దని రెండుసార్లు జరిపించాడు. నాలుగింటికి కొత్త కబురు చెప్పారు. గదులు ఇంకా ఖాళీ కాలేదు, వచ్చే వారం రండి అని.

ఆ మాట ముందురోజు ఫోన్‌లో చెప్పి ఉంటే మేము ఊళ్లోనే ఉండేవాళ్లం. అది పత్తి గింజలు పెట్టే అదును. వాన పడ్డ మర్నాడు కూలీలను వదిలిపెట్టి మా ఆయన వచ్చాడు. నేను సెలవు పెట్టుకున్నాను. పట్నం వాళ్లకు ఒక రోజు పోతే పోయినట్టే గానీ, మా ఇంట్లో ఆ ఒక్క రోజుతో విత్తనం వారం వెనక్కి పోయింది. విత్తనాలకు దాచిన డబ్బుల్లోంచే డిపాజిట్ కట్టాం, అది వేరే సంగతి.

ఆ సాయంత్రం పెట్టె ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడితే, అచ్చంపేట వైపు నుంచి వచ్చి సెకండియర్ చదువుతున్న ఒక అమ్మాయి మమ్మల్ని చూసింది. "ఆంటీ, పెట్టె నా రూములో పెడత. చెల్లెను వచ్చే వారం తోల్కరాండ్రి" అన్నది. అంతటితో ఆగలేదు. పాత హాల్‌టికెట్ ఒకటి బ్యాగులోంచి తీసి, దాని వెనుక పెన్నుతో రాసిచ్చింది. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. మడతల దగ్గర చిరిగితే టేపు అంటించాను.

దాంట్లో ఏముందో చెబుతాను. ట్రంకు పెట్టె గోడకు ఆనించొద్దు, పాత సున్నపు గోడలు వానాకాలం చెమ్మ పీలుస్తాయి, పెట్టె కింద రెండు ఇటుకలు పెట్టాలి. గోడలకు మేకులు కొట్టనియ్యరు, కాబట్టి బట్టలు ఆరేసుకోవడానికి తాడు, మంచానికి తగిలించుకునే కొక్కేలు తెచ్చుకోవాలి. పైకప్పు చాలా ఎత్తు, మామూలు దోమతెర కట్టడానికి ఏమీ అందదు, మడతపెట్టేది, దానంతట అది నిలబడేది కొనాలి. తినేవి ఏవైనా మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాల్లోనే, ప్లాస్టిక్‌ను ఎలుకలు కొరుకుతాయి. తాళంకప్పకు మూడు చెవులు ఉండాలి, ఒకటి అమ్మ దగ్గర. గార్డియన్ ఎవరూ లేకపోతే అమ్మానాన్నలే రాసిచ్చే కాగితం ఒప్పుకుంటారు, కాకపోతే అడగాలి. చివరన, "మొదటి పది రోజులు ఏడుపొస్తుంది, ఫోన్ చేసి ఇంటికి రమ్మనకండి" అని రాసింది.

పందొమ్మిదేళ్ల పిల్ల పది నిమిషాల్లో నిలబడి రాసిన కాగితం ఇది. ఏళ్ల తరబడి పిల్లలను చేర్చుకుంటున్న కాలేజీలు ఇట్లాంటిది ఒక్కటి తెలుగులో ఎందుకు ఇవ్వవు? 2016లో దోస్త్ వచ్చిన తర్వాత ఇంట్లో కూర్చునే ఆప్షన్లు పెట్టుకుంటున్నాం. సీటు వచ్చిందని ఫోన్‌కే మెసేజ్ వస్తోంది. ఎంత టెన్షన్ తగ్గిందో మాకు తెలుసు. కానీ హాస్టల్ సంగతి దాంతో తేలదు. దానికి వేరే దరఖాస్తు, వేరే లిస్టు, వేరే డబ్బులు. ఆ లిస్టు నోటీసు బోర్డు మీద అంటిస్తే వంద కిలోమీటర్ల అవతల ఉన్న దేవరకొండ పిల్లకు, ఇంకా దూరం నుంచి వచ్చే అచ్చంపేట పిల్లకు ఎట్లా తెలుస్తుంది? గది ఎప్పుడు ఇస్తారో కనీసం వారం ముందు ఫోన్‌కు చెప్పండి. కావలసిన కాగితాలన్నీ ఆ మెసేజ్‌లోనే రాయండి. డాక్టర్ సర్టిఫికెట్ లాంటివి తర్వాత ఇస్తామంటే వారం గడువివ్వండి. చేరే రోజు గేటు దగ్గర ఒక బల్ల వేసి, ఇద్దరు సీనియర్ అమ్మాయిలను కూర్చోబెట్టండి. మంచినీళ్లు పెట్టండి. మాది ఫ్లోరైడ్ నీళ్లతో నడుములు వంగిన ప్రాంతం, ఎక్కడికి పోయినా మేము ముందు అడిగేది నీళ్ల గురించే. ఇక ఏ కారణం చేతనైనా గది ఇవ్వలేకపోతే, చీకటి పడ్డాక ఆడపిల్లను సామానుతో వెనక్కి పంపకండి. ఒక్క రాత్రికి హాల్లో చాప వేసినా చాలు.

చిన్నదాని సర్టిఫికెట్లు ఇవ్వడానికి కోఠీ పోయినప్పుడు ఆ కాలేజీ ఆవరణలోనే ఉన్న పాత రెసిడెన్సీ భవనం చూశాం. 200 ఏళ్లు దాటిన కట్టడం, నిజాం దగ్గర బ్రిటిష్ వాళ్ల ప్రతినిధిగా (రెసిడెంటు) ఉన్న కిర్క్‌ప్యాట్రిక్ కట్టించింది. 1857 తిరుగుబాటులో జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ జనాన్ని వెంటబెట్టుకుని దాడి చేసింది దీనిమీదే. ముందు రెండు సింహాలు, మధ్యన వెడల్పు మెట్లు, పైన మెడ ఎత్తి చూడాల్సినంత స్తంభాలు. మా బిడ్డ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయింది. "అమ్మా, దీనిమీదికి మనం ఎక్కొచ్చా?" అని మెల్లగా అడిగింది.

నాకు గొంతు పట్టేసింది. ఐలమ్మ పాలకుర్తిలో విసునూరు దొరకు ఎదురు నిలిచి పండిన పంటను ఇల్లు చేర్చుకున్న రోజుల్లో, ఆ జనగామ తాలూకా మన నల్లగొండ జిల్లాలోనే ఉండేది. ఆమె పేరు 2024లో ఈ యూనివర్సిటీకి పెట్టారు. 1924లో మొదలైన ఆడపిల్లల కాలేజీ ఇది. అదే చెప్పాను బిడ్డకు. "ఎవరి పేరు పెట్టిన్రో తెలుసు గద, ఎక్కు" అన్నాను. ఇద్దరం ఎక్కాం. నేను లెక్కపెట్టాను, 22 మెట్లు. నా చదువు నల్లగొండలో ఇంటర్‌తోనే ఆగిపోయింది, డిగ్రీ కాలేజీ మెట్లెక్కడం నాకూ మొదటిసారే. నిజాం కాలేజీ కానీ, ఆర్ట్స్ కాలేజీ కానీ, కోఠీ కానీ, ఇట్లాంటి పాత కాలేజీల్లో చేరిన మొదటి రోజే పిల్లలను ఒక గంట తిప్పి, ఇది ఎవరు కట్టారు, ఇక్కడ ఏం జరిగిందని చెబితే ఆ బెరుకు సగం పోతుంది. ఊళ్ల నుంచి వచ్చే పిల్లలకు ఇది తిండికీ గదికీ తక్కువ అవసరం కాదు.

సోమవారం మా ప్రయాణం. మా అత్తమ్మ తన పాత నేత చీరలు నాలుగు పరిచి మనవరాలికి బొంత కుట్టింది. చౌటుప్పల్ గిన్నెల దుకాణంలో కంచం మీద పేరు కొట్టిస్తుంటే, పక్కనే ఊరి పేరు కూడా కొట్టమని అడిగింది పిల్ల. ఇటుకలు రెండు మా ఆయన కడిగి ఎండబెట్టాడు.

ఆ హాల్‌టికెట్ వెనుక రాసిన కాగితాన్ని జిరాక్సులు తీయించాను. పెద్దబిడ్డ తన మూడేళ్ల అనుభవంతో కింద ఇంకో నాలుగు ముక్కలు చేర్చింది. మా మండలం నుంచి ఈ ఏడు హైదరాబాద్ హాస్టళ్లకు పోయే పిల్లలున్న తల్లులు మా అంగన్‌వాడీ కేంద్రానికి వచ్చి అడగండి, ఇస్తాను. సోమవారం ఒక్కరోజు మాత్రం నేను ఉండను.

ఇట్లు
ఒక అంగన్‌వాడీ టీచర్,
మునుగోడు మండలం, నల్లగొండ జిల్లా