పదిహేనేళ్లు ఆగి చూడగలిగే పరిశోధన కావాలి

సంపాదకులకు నమస్కారం.

ప్రోస్టేట్ గ్రంథికీ, మూత్రాశయానికీ, మూత్రనాళాలకూ వచ్చే క్యాన్సర్లపై పలు సంస్థలు కలిసి చేసే ఉమ్మడి పరిశోధన గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసం శ్రద్ధగా చదివాను. కొత్త మందుల గురించి, జన్యు పరీక్షల గురించి వివరంగా రాసిన వ్యాసకర్త, పరిశోధనలో చేరినవారి బాగోగులను ఎన్నేళ్లపాటు నమోదు చేయాలన్న సంగతిని మాత్రం ఒక్క వాక్యంతో సరిపెట్టారు. పాథాలజీ ప్రయోగశాలలో చాలాకాలం పనిచేసి రిటైరైన నాకు, ఈ జబ్బుల విషయంలో అసలు ప్రశ్న అదేననిపిస్తుంది.

ప్రోస్టేట్ క్యాన్సర్ చాలామందిలో నిదానంగా ముదురుతుంది. అది ఉన్నట్టు తేలినవారిలో ఎందరో చివరికి వేరే కారణంతో కన్నుమూస్తారు. అందువల్ల ఒక పరీక్ష గానీ చికిత్స గానీ నిజంగా ప్రాణం నిలబెట్టిందా లేదా అన్నది మూడు నాలుగేళ్లలో తేలే విషయం కాదు. ప్రోస్టేట్ గ్రంథి నుంచి రక్తంలోకి చేరే ఒక ప్రొటీన్‌ను కొలిచే పీఎస్ఏ రక్తపరీక్షతో ఈ క్యాన్సర్‌ను ముందే పట్టుకోవచ్చా అని తెలుసుకోవడానికి జరిగిన రెండు పెద్ద అధ్యయనాల ఫలితాలు 2009లో ఒకే వైద్య పత్రికలో పక్కపక్కనే అచ్చయ్యాయి. దాదాపు 76 వేల మందితో జరిగిన అమెరికా అధ్యయనం మరణాల్లో తేడా కనిపించలేదని చెప్పింది. 1,82,000 మందిని చేర్చుకున్న యూరప్ అధ్యయనం ప్రోస్టేట్ క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయని చెప్పింది. జనం అయోమయంలో పడ్డారు. అమెరికా అధ్యయనంలో పరీక్ష చేయకుండా పోలిక కోసం ఉంచిన వర్గంలో, ఆరో ఏడు వచ్చేసరికి సగం మంది బయట సొంతంగా ఆ పరీక్ష చేయించుకున్నారన్న సంగతి ఆ హడావిడిలో వెనకబడిపోయింది. పోల్చవలసిన రెండు వర్గాలూ ఇంచుమించు ఒకటైపోతే తేడా ఎక్కడి నుంచి కనిపిస్తుంది?

యూరప్ బృందం అంతటితో దుకాణం కట్టేయలేదు. ఒక్క మరణాన్ని తప్పించడానికి 1,410 మందికి పరీక్ష చేసి, అదనంగా 48 మందికి చికిత్స చేయవలసి వస్తుందని 2009లో, అంటే సుమారు తొమ్మిదేళ్ల పరిశీలన తర్వాత, లెక్క తేలింది. పదమూడేళ్లు నిండాక అదే లెక్క 781 మందిని పరీక్షకు పిలవడం, 27 మందిలో అదనంగా జబ్బును గుర్తించడం దగ్గరికి వచ్చింది. ఇరవై మూడేళ్లకు 456 మందికి, 12 మందికి దిగింది. ఇన్నేళ్లలో పరీక్షలో మార్పేమీ లేదు, మనుషులూ వాళ్లే. గడిచిన కాలమే జవాబును మార్చింది. తొమ్మిదో ఏట నిధులు ఆపేసి ఉంటే మన చేతిలో సగం నిజమే మిగిలేది.

బ్రిటన్‌లో జరిగిన ప్రొటెక్ట్ అధ్యయనం నుంచీ ఇదే నేర్చుకోవాలి. గ్రంథి దాటని క్యాన్సర్ ఉన్న 1,643 మందిని మూడు వర్గాలుగా విడదీసి, కొందరికి శస్త్రచికిత్స, కొందరికి రేడియోథెరపీ చేశారు; మిగిలినవారికి వెంటనే చికిత్స చేయకుండా జాగ్రత్తగా గమనిస్తూ వచ్చారు. పదిహేనేళ్ల తర్వాత, 2023లో, మూడు వర్గాల్లోనూ ప్రోస్టేట్ క్యాన్సర్‌తో చనిపోయినవారు మూడు శాతం అటూ ఇటూగానే ఉన్నారు. అయితే కేవలం గమనించిన వర్గంలో జబ్బు ఇతర భాగాలకు పాకినవారు దాదాపు రెట్టింపు. ఈ రెండు మాటలూ కలిపి చెబితేనే రోగి తన నిర్ణయం తాను తీసుకోగలడు. ఒకటి దాచి ఒకటి చెప్పడం మోసమే.

మూత్రాశయ క్యాన్సర్ తీరు వేరు. రెండు జబ్బులకూ సాధారణంగా ఒకే రకం వైద్యులు చికిత్స చేస్తారు కాబట్టి ఒకే కార్యక్రమం కిందికి తెస్తారు గానీ, ఇది పదే పదే తిరగబెట్టే జబ్బు; రోగి ఏళ్ల తరబడి సిస్టోస్కోపీ, అంటే సన్నని గొట్టంతో మూత్రాశయం లోపల చూసే పరీక్ష, చేయించుకుంటూ ఉండాలి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో లుడ్విగ్ రెన్ అనే శస్త్రవైద్యుడు రంగుల కర్మాగారాల కార్మికుల్లో ఈ క్యాన్సర్‌ను గుర్తించి 1895లోనే వెల్లడించాడు. ఇప్పుడు దీనికి అతి పెద్ద కారణం పొగతాగడం. క్షయకు వేసే బీసీజీని మూత్రాశయంలోకి ఎక్కించే చికిత్సను 1976లో కెనడాలో అల్వారో మొరాలెస్ బృందం ప్రకటించింది; కండరంలోకి దిగని, తిరగబెట్టే ప్రమాదం ఎక్కువగా ఉన్న కణితులకు ఈనాటికీ దాన్నే వాడుతున్నారు. అది ఎవరికి పనిచేస్తుందో, ఎవరికి పనిచేయదో ముందే చెప్పాలంటే ఏ ఒక్క ఆసుపత్రి దగ్గరా సరిపడినంత మంది రోగులు ఉండరు. ఉమ్మడి పరిశోధన నిజంగా అవసరమయ్యేది ఇక్కడే.

అయితే పలు చోట్ల నుంచి వచ్చిన నమూనాలను ఒకచోట పోసినంత మాత్రాన అవి ఒకటైపోవు. మూత్రాశయం నుంచి గీకి తీసిన ముక్కల్లో కండరం ఉందో లేదో రిపోర్టులో తప్పక రాయాలి; అది లేకుంటే కణితి లోతుకు దిగిందా లేదా అన్నది చెప్పలేం. ఆ ఒక్క మాట లేని రిపోర్టులు నా బల్ల మీదకు ఎన్ని వచ్చాయో లెక్కలేదు. ప్రోస్టేట్ విషయంలో, సూక్ష్మదర్శినిలో కణితి ఎంత ప్రమాదకరంగా కనిపిస్తుందో అంకెల్లో చెప్పే గ్లీసన్ పద్ధతినే 2005లో సవరించారు కాబట్టి, అంతకు ముందు ఆరు వేసిన స్లైడుకు ఇప్పుడు ఏడు వేయవచ్చు. పాత అంకెనూ కొత్త అంకెనూ ఒకే పట్టికలో ఎక్కించి సగటు తీస్తే, అంత ప్రమాదం లేని జబ్బులు కూడా ఏడు అంకె వర్గంలో చేరిపోయి, చికిత్స మెరుగుపడినట్టు భ్రమ కలుగుతుంది. దీనికి విరుగుడు స్లైడులనూ, కణితి ముక్కలను మైనంలో భద్రపరిచిన పారఫిన్ బ్లాకులనూ పారేయకుండా దాచి, చేయి తిరిగిన ఒకే నిపుణుల బృందంతో మళ్లీ చదివించడం. ఇదేమీ పత్రికల పతాక శీర్షికలకు ఎక్కే పని కాదు, నిజమే.

ఇలాంటి కార్యక్రమాలకు నిధులిచ్చేవారికి మీ పత్రిక ద్వారా నేను చేసే మనవి ఇది. రోగులను చేర్చుకోవడానికి ముందే అన్ని కేంద్రాలూ ఒకే రిపోర్టు పత్రానికి ఒప్పుకోవాలి. పరిశోధకుల ఉద్యోగాలు మారినా, నాయకులు మారినా, కనీసం పదిహేనేళ్లపాటు రోగుల సమాచారం నమోదు చేసే గుమాస్తాలకూ నర్సులకూ జీతాలు ఆగకుండా వేరే నిధి పెట్టాలి. పనిచేయని మందుల ఫలితాలను కూడా, పనిచేసినవాటితో సమానంగా, గడువులోగా ప్రచురించాలన్న షరతును ఒప్పంద పత్రంలోనే రాసుకోవాలి.

— పాథాలజీ ప్రయోగశాల రిటైర్డ్ ఉద్యోగి