ముప్ఫై దాటిన ఫార్వర్డు, ఒప్పందంలో మిగిలిన నెలలు

సంపాదకుడు గారికి నమస్కారం.

వయసు మీద పడుతున్న స్టార్ ఫార్వర్డును, అంటే గోల్స్ కొట్టే ముందువరుస ఆటగాణ్ని, క్లబ్బు అమ్మేయాలా, అట్టే పెట్టుకోవాలా అన్న వాదన ఏటా వేసవిలో యూరప్‌లో రాజుకుంటుంది. ఇక్కడ పర్లాకిమిడిలోనూ రాజుకుంటుంది. చలికాలంలో యూరప్ మేటి క్లబ్బుల పోటీ ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్ మనకు రాత్రి ఒకటిన్నరకు మొదలవుతుంది. తెల్లారాక టీ కొట్టు దగ్గర ఎర్రబడ్డ కళ్లు చూస్తే చాలు, ఎవరు మ్యాచ్ చూశారో అడగక్కర్లేదు. ఇంగ్లండ్ క్లబ్బు లివర్‌పూల్ ఫార్వర్డు సలా లాంటివాణ్ని ఉంచాలా, పంపాలా అన్న తీర్పులు అక్కడే వెలువడతాయి. ఆ తీర్పులైనా, మీ క్రీడల పేజీలో వచ్చే వ్యాసాలైనా రెండు మాటల దగ్గరే తిరుగుతున్నాయి. "ఇంకా గోల్స్ కొడుతున్నాడు కదా" అని ఒకరు, "వయసైపోయింది" అని ఇంకొకరు. సంతలో ఎద్దుకు పళ్లు చూసినట్టు ఆటగాడి పుట్టిన తేదీ చూసి తేల్చే బేరం కాదిది. ఒప్పందం ముగియడానికి ఇంకా రెండు వేసవులు ఉండగానే క్లబ్బు ఈ సంగతి తేల్చుకోవాలన్నది మా వాదన. ఆ గడువు దాటాక ఏం చేసినా సర్దుబాటే.

1995 డిసెంబరు 15న యూరప్ న్యాయస్థానం బెల్జియం ఆటగాడు బోస్మన్ కేసులో తీర్పు ఇచ్చింది. అప్పటి నుంచి ఒప్పందం ముగిసిన ఆటగాడు, కొత్త క్లబ్బు పాత క్లబ్బుకు పైసా బదిలీ రుసుము కట్టకుండానే, వెళ్లిపోవచ్చు. చివరి ఆరు నెలల్లోనైతే వేరే దేశపు క్లబ్బుతో ముందే సంతకం చేసుకోవచ్చు. జూన్ 30న గడువు తీరే ఆటగాడు జనవరి నుంచే మనసు వేరే చోట పెట్టుకోవచ్చన్నమాట. 24 నెలలు మిగిలి ఉంటే ధర చెప్పేది క్లబ్బు. 12 నెలలైతే కొనేవాడు. ఆరు నెలలైతే ఏజెంటు.

2012లో ఆర్సెనల్ తన ఫార్వర్డు వాన్ పెర్సీని దాదాపు 2.4 కోట్ల పౌండ్లకు మాంచెస్టర్ యునైటెడ్‌కు ఇచ్చింది. అతనికి 29 ఏళ్లు, ఒప్పందంలో ఒక్క ఏడాది మిగిలింది. మరుసటి సీజనులో అతను 26 గోల్స్ కొట్టి యునైటెడ్‌ను ఛాంపియన్ చేశాడు. ఆర్సెనల్ అతని వయసు చూసి అమ్మలేదు. గడువు మెడ మీదికొచ్చి, సొంత ప్రత్యర్థికే అమ్మాల్సి వచ్చింది. టాటెన్‌హామ్ మరోలా చేసింది. తన ఫార్వర్డు సన్ ఒప్పందాన్ని ఒక ఏడాది పొడిగించే హక్కు క్లబ్బుకే ఉండేలా ముందే రాయించుకుని, 2025 జనవరిలో దాన్ని వాడుకుంది. ఆ పొడిగింపు లేకపోతే 33 ఏళ్ల సన్ ఆ వేసవిలో ఉచితంగా వెళ్లేవాడు. ఆగస్టులో లాస్ ఏంజెలెస్ క్లబ్బు నుంచి 2.6 కోట్ల డాలర్ల దాకా వచ్చిందని వార్తలు. ఒప్పందంలో ఒక్క వాక్యం ఖరీదు అది.

ఇక జమాఖర్చు. అభిమానులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఆటగాణ్ని కొన్న రుసుమును క్లబ్బు ఒకేసారి ఖర్చుగా రాయదు. ఒప్పంద కాలానికి, గరిష్ఠంగా ఐదేళ్లకు, సమానంగా పంచి రాస్తుంది. అమ్మినప్పుడు మాత్రం పుస్తకాల్లో మిగిలిన విలువ తీసేసి తక్కినదంతా ఆ ఏడాదే లాభంగా చూపుతుంది, డబ్బు మూడు నాలుగు వాయిదాల్లో వచ్చినా సరే. లెవాండోవ్‌స్కీని బాయర్న్ 2014లో రుసుము లేకుండా తెచ్చుకుంది. 2022లో 4.5 కోట్ల యూరోలకు, పైన కొంత షరతుల మీద వచ్చే సొమ్ముకు, బార్సెలోనాకు ఇచ్చింది. పుస్తకాల్లో తీసేయడానికి ఏమీ లేదు, దాదాపు అంతా లాభమే. యువెంటస్ కథ దీనికి తలకిందులు. 2018లో 33 ఏళ్ల రొనాల్డోకు 10 కోట్ల యూరోలు పెట్టింది. నాలుగేళ్లకు పంచితే ఏడాదికి 2.5 కోట్లు. మూడేళ్లు గడిచి కనీసం 2.5 కోట్లు పుస్తకాల్లో మిగిలి ఉండగా యునైటెడ్ నుంచి వచ్చింది 1.5 కోట్లు, పైన షరతుల సొమ్ము. నష్టం రాసుకోక తప్పలేదు.

ఒక ఊహాలెక్క వేద్దాం. వారానికి 3 లక్షల పౌండ్ల జీతమున్న పాత స్టార్‌కు ఏడాదికి 1.56 కోట్లు పోతాయి. అతనికి 4 కోట్ల బేరం వచ్చింది. బదులుగా 6 కోట్లు పెట్టి ఐదేళ్ల ఒప్పందంతో, వారానికి 1.2 లక్షల జీతంతో 23 ఏళ్లవాణ్ని తెచ్చారు. రుసుములో ఏడాది వాటా 1.2 కోట్లు, జీతం 62.4 లక్షలు, మొత్తం 1.824 కోట్లు. అంటే "జీతం భారం తగ్గించుకోవడానికి అమ్మారు" అనే మాట చాలాసార్లు నిజం కాదు. కొత్తవాడు ఏడాదికి 26 లక్షలు ఎక్కువే తింటాడు. లాభమల్లా మొదటి ఏడాది పుస్తకాల్లో పడే 4 కోట్లది, ఐదేళ్ల గడువు తీరేలోపు ఆ కుర్రాణ్ని మళ్లీ అమ్ముకోగల అవకాశానిది. ఆ 4 కోట్లూ పూర్తిగా చేతికి రావు. దేశం దాటిన బదిలీలో 5 శాతం, ఇక్కడ 20 లక్షలు, అతన్ని 12 నుంచి 23 ఏళ్ల మధ్య తీర్చిదిద్దిన క్లబ్బులకు పోతుంది. పాత క్లబ్బుకు మళ్లీ అమ్మకంలో వాటా రాసి ఉంటే అదీ పోతుంది. యూరప్ పోటీలాడే క్లబ్బు జీతాలు, రుసుము వాటాలు, ఏజెంట్ల ఖర్చు కలిపి ఆదాయంలో 70 శాతం దాటకూడదన్న యూఈఎఫ్ఏ (యూరప్ ఫుట్‌బాల్ సంఘం) నియమం 2025-26 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. ఆ ఆదాయంలో అమ్మకం లాభం కూడా కలుస్తుంది కాబట్టి అమ్మకాల తొందర పెరుగుతుంది. స్టార్ పేరున్న చొక్కాలు అమ్మి అతని జీతం రాబట్టుకోవచ్చనే మాట మాత్రం దయచేసి ఎవరూ అనొద్దు. చొక్కా డబ్బులో ఎక్కువ భాగం తయారీ కంపెనీదే.

మైదానంలో చూడాల్సినవి వేరు. గోల్స్ లెక్క అన్నిటికంటే చివర పడిపోతుంది, దాన్నే చూస్తూ కూర్చుంటే ఆలస్యమైపోతుంది. మొదట పెనాల్టీలు తీసేయాలి. నాలుగింట మూడు ఎలాగూ గోలవుతాయి, వాటికి కాళ్ల వేగంతో పని లేదు. 2024-25లో సలా 29 లీగ్ గోల్స్‌లో 9 పెనాల్టీలు. మిగిలిన 20, వాటికి తోడు 18 అసిస్టులు, అంటే వేరేవాళ్ల గోల్స్‌కు అందించిన బంతులు. 32 ఏళ్ల వింగర్‌కు (మైదానం అంచున ఆడే ఫార్వర్డుకు) అది అసాధారణం, లివర్‌పూల్ ఛాంపియన్ కావడంలో వింతేమీ లేదు. తర్వాత చూడాల్సింది షాట్లు ఎన్ని, ఎక్కడి నుంచి అన్నది. షాట్లు తగ్గి, కొట్టే చోటు మాత్రం పాతదే అయితే బంతి అందించేవాళ్లలో లోపం. షాట్లు అన్నే ఉండి, కొట్టే చోటు గోలుకు దూరం జరుగుతూ ఉంటే కాళ్లలో లోపం. ఈ రెండిటినీ కలిపేసి "ఫామ్ పోయింది" అనేస్తారు. సలా విషయమే తీసుకోండి. అతని వెనక కుడివైపు ఆడుతూ బంతులు పంపిన అలెగ్జాండర్-ఆర్నాల్డ్ 2025లో రియల్ మాడ్రిడ్‌కు వెళ్లిపోయాడు. ఆ సంగతి పక్కనపెట్టి సలా అంకెలు మాత్రమే చదివితే సగం కథే తెలుస్తుంది.

గంటకు 25 కిలోమీటర్లు దాటిన పరుగులు ఎన్ని, ఎదురుగా ఉన్నవాణ్ని దాటే ప్రయత్నాలు ఎన్ని, అందులో నెగ్గినవెన్ని, 60వ నిమిషం తర్వాత ఇవి ఎంత తగ్గుతున్నాయి, వారంలో మూడో మ్యాచ్‌లో ఎలా ఉన్నాయి అన్నవి కూడా చూడాలి. రెండు మూడు మ్యాచ్‌లు చూసి తేల్చకూడదు. కనీసం 900 నిమిషాలు, అంటే పది పూర్తి మ్యాచ్‌ల ఆట కావాలి. తొడ వెనక కండరం ఒకసారి పట్టేసినవాడికి మళ్లీ పట్టేసే ప్రమాదం ఎక్కువ, వయసు దాన్ని ఇంకా పెంచుతుంది. అందుకే గాయాల చీటీ కూడా బేరంలో భాగమే.

టీవీలో కనపడని నష్టం ఒకటుంది. కుడి అంచున, పాతవాళ్లు రైట్ అవుట్ అనే చోట, ఆడేవాడు వెనక్కి పరుగెత్తడం మానేస్తే, వాడి వెనక బ్యాక్ ఒక్కడే ఇద్దర్ని కాచాలి. వాడికి సాయంగా మిడ్‌ఫీల్డర్ పక్కకు జరుగుతాడు. మధ్యలో ఖాళీ పడుతుంది, గోలు అక్కడి నుంచి వస్తుంది. నింద మాత్రం సెంటర్ బ్యాక్ మీద పడుతుంది. 2020-21లో రొనాల్డో 29 గోల్స్‌తో ఇటలీ లీగ్‌లో మొదటివాడు. అదే ఏడాది తొమ్మిదేళ్లుగా వరుసగా టైటిల్ గెలుస్తున్న యువెంటస్ నాలుగో స్థానానికి పడింది. ఒక్కడి గోల్స్, జట్టు గోల్స్ ఒకటే లెక్క కాదు.

అమ్మకం, కొనుగోలులో ఏది ముందు? కొనుగోలే ముందు. జేబులో కొత్త డబ్బుందని తెలిస్తే ఎదుటివాడు ధర పెంచుతాడు. లివర్‌పూల్ 2022 జనవరిలో లూయిస్ డియాజ్‌ను తెచ్చి, ఆ జూన్‌లో 30 ఏళ్ల మానేను బాయర్న్‌కు ఇచ్చింది. ఆ సీజను చివరి నెలల్లో ఇద్దరూ ఒకే జట్టులో ఆడారు. వరస సరైనదే. అయినా 2022-23లో ఐదో స్థానానికి జారింది, ఎందుకంటే ఆ ఏడాది మిడ్‌ఫీల్డ్‌లో ముసలితనం ఎవరూ పట్టించుకోలేదు. రియల్ మాడ్రిడ్ రొనాల్డోను అమ్మిన ధర అద్భుతం, కానీ ఆ వేసవిలో అతనికి సాటి ఎవరినీ తేలేదు. 2017-18లో లీగ్‌లో 94 గోల్స్ కొట్టిన జట్టు మరుసటి ఏడాది 63 దగ్గర ఆగింది. ఒక్కడు 26 కొట్టేవాడు, తగ్గింది 31. ఒకే సీజనులో ఇద్దరు కోచ్‌లు ఉద్యోగం పోగొట్టుకున్నారు. తర్వాత బెంజెమా ఎదిగి 2022లో ప్రపంచ మేటి ఆటగాడికిచ్చే బాలన్ డి ఓర్ దాకా వెళ్లాడనేది వేరే సంగతి. ఆ నాలుగేళ్ల ఓపిక ఎన్ని క్లబ్బులకు ఉంటుంది?

మా వాదనకు ఎదురు నిలిచే ఉదాహరణలూ ఉన్నాయి, దాచడం న్యాయం కాదు. 2023లో సౌదీ క్లబ్బు అల్ ఇత్తిహాద్ సలాకు 15 కోట్ల పౌండ్ల దాకా ఇస్తామంటే లివర్‌పూల్ వద్దంది. ఆ ఏడాది చిట్టా చూస్తే పిచ్చిపని. రెండేళ్ల తర్వాత టైటిల్ చూస్తే తెలివైన పని. వార్డీ 33 ఏళ్ల వయసులో 2019-20లో 23 గోల్స్‌తో ఇంగ్లండ్ లీగ్‌లో ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చే గోల్డెన్ బూట్ గెలిచాడు. అతని క్లబ్బు లెస్టర్ అతన్ని 38 ఏళ్ల దాకా ఉంచుకుంది, 200 గోల్స్ వచ్చాయి. అతని స్థానాన్ని నింపడానికి దొరికిన ఆ ఐదేళ్లనూ పాడు చేసుకుని క్లబ్బు రెండుసార్లు కింది లీగ్‌కు పడింది. ఉంచుకోవడం తప్పు కాదు. ఉంచుకుని వారసుణ్ని వెతక్కపోవడమే తప్పు.

అన్నిటికంటే ఖరీదైన పొరపాటు పెంచిన జీతంతో పొడవాటి పొడిగింపు. 2020 సెప్టెంబరులో 31 ఏళ్ల ఔబమెయాంగ్‌కు ఆర్సెనల్ మూడేళ్లు ఇచ్చింది. 2021 డిసెంబరులో కెప్టెన్సీ తీసేసింది, 2022 ఫిబ్రవరిలో ఒప్పందం రద్దు చేసి ఉచితంగా పంపింది. సలా కూడా 2025 ఏప్రిల్‌లో రెండేళ్లు పొడిగించుకుని, డిసెంబరుకల్లా వరుసగా మూడు మ్యాచ్‌లు బెంచీ మీద మొదలుపెట్టి, ఆ కోపం మైకు ముందు వెళ్లగక్కాడు. స్టార్‌ను అరగంట ఆటగాడిగా మార్చడం ఐదుగురు సబ్‌స్టిట్యూట్ల నియమం వల్ల ఇప్పుడు సాధ్యమే, కానీ ఆ మాట సంతకానికి ముందే అతనికి చెప్పాలి.

31 దాటినవాడికి ఒక ఏడాది, ఇంకో ఏడాది క్లబ్బు ఇష్టం మీద, అలా రాసుకోవడం మంచిది. మూల జీతం తగ్గించి మ్యాచ్‌కు ఇంత అని పెంచాలి. లీగ్ మ్యాచ్‌లలో 60 శాతం ఆడితే రెండో ఏడాది దానంతటదే వస్తుందని రాసేవాళ్లు జాగ్రత్తపడాలి. 38లో 60 శాతమంటే 23. ఆటగాడు 22 దగ్గర ఉండగా కోచ్ బెంచీ మీద కూర్చోబెడితే డ్రెస్సింగ్ రూమంతా కారణం తెలిసిపోతుంది. ఆరంభ జట్టులో ఉన్న మ్యాచ్‌లు కాకుండా ఆడిన నిమిషాలు లెక్కపెడితే ఆ గొడవ కొంత తగ్గుతుంది.

ఇక మన ఒడిశా ఎఫ్‌సీ సంగతి. భారత లీగ్‌లో విదేశీ ఫార్వర్డుల ఒప్పందాలు చిన్నవి, బదిలీ రుసుములు తక్కువ. కాబట్టి ఇక్కడ అమ్మకం కంటే పొడిగింపే అసలు ప్రశ్న. 2023-24లో ఒడిశాకు ఆడుతూ ఫిజీ ఆటగాడు రాయ్ కృష్ణ 36 ఏళ్ల వయసులో 13 గోల్స్ కొట్టాడు. 2024-25లో బెంగళూరుకు ఆడుతూ 40 ఏళ్ల ఛెత్రీ 14 కొట్టి భారతీయుల్లో మొదట నిలిచాడు. ఇద్దరి మీదా మాకు గౌరవమే. అయితే మైదానంలో నలుగురు విదేశీయులకే చోటున్న లీగ్‌లో అందులో ఒకటి 36 ఏళ్లవాడికి ఇస్తే, ఆ ఏడాదే 21 ఏళ్ల స్థానిక ఫార్వర్డు ఒకడికి ఎన్ని నిమిషాలు దొరుకుతాయో కూడా అదే కాగితం మీద రాయాలి.

మీ పత్రికకు ఒక విన్నపం. వచ్చే బదిలీల కాలంలో గోల్స్ పట్టిక వేసినప్పుడు పక్కన ఇంకో మూడు గడులు పెట్టండి: అందులో పెనాల్టీలు ఎన్ని, ఆడిన నిమిషాలు ఎన్ని, ఒప్పందం ముగిసేది ఏ నెల.

ఇట్లు,
పర్లాకిమిడి, కాశీనగర్ ప్రాంతాల ఫుట్‌బాల్ అభిమానులు,
గజపతి జిల్లా, ఒడిశా