జుట్టు చిట్కాలు: పరీక్ష ఎవరి మీద జరిగిందో కూడా రాయండి

సంపాదకుల వారికి,

నమస్కారములు. కుటుంబ పేజీల్లో తరచుగా వచ్చే జుట్టు చిట్కాలలో కుంకుడుకాయ, కొబ్బరినూనె, మందారాకు, గుంటగలగరాకు, ఉల్లిరసం అన్నింటినీ ఒకే గాటన కట్టి ‘శాస్త్రీయంగా రుజువైంది’ అని రాస్తున్నారు. వెంట్రుకను శుభ్రపరచి కాపాడడం వేరు, కొత్త వెంట్రుకను మొలిపించడం వేరు. మన పెద్దల అలవాట్లకు మొదటి పనిలో గట్టి ఆధారముంది, రెండవ పనిలో చాలా తక్కువ.

కుంకుడు, శీకాయల్లోని సాపోనిన్లు నురుగు కట్టి జిడ్డును వదిలిస్తాయి. తలంటినాడు కళ్లు మండినవారికి వాటి శక్తి గురించి వేరే చెప్పనక్కరలేదు. కొబ్బరినూనెలోని లారిక్ ఆమ్లం వెంట్రుక లోపలికి చొరబడి మాంసకృత్తుల నష్టాన్ని తగ్గిస్తుందని, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ ఆ పని చేయలేదని 2003లో ముంబయి పరిశోధకులు ప్రచురించారు. వారు కొబ్బరినూనె అమ్మే సంస్థలో పనిచేసేవారన్న సంగతి కూడా పాఠకులకు తెలియాలి.

మొలిపించే విషయానికి వస్తే, మందార మీద 2003లోనే వెలువడిన అధ్యయనంలో పువ్వు కంటే ఆకు సారమే ఎక్కువ ప్రభావం చూపింది కాని, ఆ పరీక్ష ఎలుకల మీద జరిగింది. గుంటగలగరాకు మీద 2008లో వచ్చినదీ అటువంటిదే. ఎలుకల బొచ్చు అలలు అలలుగా ఒకేసారి పెరుగుతుంది. మన తలమీద ప్రతి కుదురుదీ దాని సొంత కాలచక్రం. ఉల్లిరసాన్ని 2002లో బాగ్దాద్‌లో మనుషులమీదే పరీక్షించి మంచి ఫలితం చూశారు, అయితే అది పేనుకొరుకుడు (తలమీద అక్కడక్కడ మచ్చలుగా జుట్టు ఊడే జబ్బు) ఉన్న కొద్దిమంది రోగుల మీద. వంశపారంపర్యంగా వచ్చే బట్టతల వేరే జబ్బు. పైగా పేనుకొరుకుడు చాలామందిలో దానంతటదే తగ్గుతుంది కూడా.

మరి ‘మా ఇంట్లో పనిచేసింది’ అనేవారంతా అబద్ధమాడుతున్నారా అంటే, కాదు. టైఫాయిడ్, డెంగీ వంటి జ్వరాల తర్వాత, కాన్పు తర్వాత రెండు మూడు నెలలకు జుట్టు కుచ్చులుగా రాలడం మొదలవుతుంది. బెంబేలెత్తి ఏదో ఒక నూనె మొదలుపెడతాము. ఆ రాలడం సాధారణంగా కొన్ని నెలల్లో తానే ఆగి జుట్టు మళ్లీ వస్తుంది, ఖ్యాతి మాత్రం నూనెకు దక్కుతుంది. రక్తహీనత, థైరాయిడ్ లోపం వల్ల రాలుతున్నవారు మాత్రం ఆ నూనెను నమ్ముకుని, అసలు జబ్బుకు చేయించుకోవలసిన రక్తపరీక్షను వాయిదా వేస్తారు. నా అభ్యంతరమంతా ఇక్కడే.

కనుక చిట్కా ప్రచురించేటప్పుడు దాన్ని పరీక్షించినది మనుషులమీదనా, జంతువులమీదనా, ఏ సమస్యకు అన్న ఒక్క వాక్యం చేర్చవలసిందిగా కోరుతున్నాను. ప్రకటనల సంగతీ చూడాలి. మందులు నయం చేస్తాయని చెప్పుకోకూడని వాటి జాబితాగా ఔషధ నిబంధనలలో ఉన్న షెడ్యూల్ ‘జె’లో బట్టతల, కొత్త జుట్టు మొలిపించడం రెండూ ఉన్నాయి. ఆ నిబంధన ఏ నూనెకు ఎంతవరకు వర్తిస్తుందన్న చర్చ న్యాయనిపుణులకు వదిలినా, ‘బట్టతలపై జుట్టు గ్యారంటీ’ అన్న ప్రకటన చేతికందినప్పుడు ఆధారం అడిగి చూసిన తర్వాతే మీ ప్రకటనల విభాగం దానికి చోటివ్వాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
రాజమహేంద్రవరం