బుజ్జి చేత రక్తపరీక్షలు మాన్పించొద్దక్కా

లీడ్స్,
ఆదివారం రాత్రి

అక్కకు,

నిన్న ఫోన్‌లో బుజ్జి గురించి "అంతా క్లీన్ చేసేశారంట, ఇంక దిగులు లేదు, మళ్లీ ఆ పరీక్షలకి కావలి నుంచి నెల్లూరు తిరగడం ఎందుకు" అన్నావు. పక్కన బావగారు ఉన్నారని నేనేం మాట్లాడలేదు. ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. నోటితో చెబుదామంటే ఏడుపొచ్చేస్తుంది, అందుకని రాస్తున్నా. నువ్వు చదివి బుజ్జికి ఇవ్వు. వాళ్లాయన చేత కూడా చదివించు.

ముందు నీ దగ్గర దాచిన సంగతి. నాలుగేళ్ల కింద నాకు అబార్షన్ అయిందని చెప్పాను కదా. అది మామూలు అబార్షన్ కాదక్కా. ఇప్పుడు బుజ్జికి వచ్చిందే నాకూ వచ్చింది, మాయ బుడగలు బుడగలుగా పెరిగే ముత్యాల గర్భం. ఆ ఏడే అమ్మ నెల్లూరు పోయి, బారాషహీద్ దర్గా దగ్గర చెరువులో నిలబడి నాకోసం సంతానం రొట్టె పట్టింది. అలాంటి మనిషికి కేన్సర్ మందు ఎక్కించుకుంటున్నానని ఏ నోటితో చెప్పను?

మూడో నెల రాకముందే మంచినీళ్లు కూడా ఇమడనంత వాంతులు. కవలలేమో అనుకున్నాం. స్కాన్ చేసే అమ్మాయి ఉన్నట్టుండి మాట్లాడటం ఆపేసింది. తెర మీద బిడ్డ లేదు. ఉడికిన సగ్గుబియ్యం గిన్నెలో పోసినట్టు తెల్లతెల్లగా బుడగలు, అంతే.

డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ వేసి చెప్పింది. ఆడదాని అండంలో జన్యువులు లేకుండా పోయి, తండ్రి వైపువే రెట్టింపైతే బిడ్డ తయారవదు, మాయ మాత్రం పిచ్చిగా పెరుగుతుంది. దాన్ని కంప్లీట్ అంటారు. ఒకే అండంలోకి రెండు వీర్యకణాలు పోతే పార్షియల్. గర్భం నిలిచే క్షణంలోనే జరిగిపోయే పొరపాటు ఇది. బుజ్జి బొప్పాయి తిన్నదనీ, గ్రహణం నాడు బయటికొచ్చిందనీ వాళ్ల అత్తగారు అంటోందట కదా. ఆ మాట ఇంకోసారి అననివ్వకు. ఆ పిల్ల తప్పు ఇందులో ఆవగింజంత కూడా లేదు.

నాకూ బుజ్జికి చేసినట్టే లోపలంతా తీసేశారు. ఇక్కడ బ్రిటన్‌లో 1973 నుంచీ ఒక పద్ధతి ఉంది. ముత్యాల గర్భం వచ్చిన ప్రతి మనిషి పేరూ లండన్ చారింగ్ క్రాస్, షెఫీల్డ్, డండీ, ఈ మూడు కేంద్రాల్లో ఒకదాంట్లో రాస్తారు. మాకు షెఫీల్డ్. రెండు వారాలకోసారి పోస్టులో చిన్న అట్టపెట్టె వచ్చేది. సీసాలో మూత్రం నింపి, మూత బిగించి, మళ్లీ పోస్టులో వేసేదాన్ని. మాయ కణాలు హెచ్‌సీజీ అనే హార్మోన్ వదులుతాయి. ఎక్కడైనా కాస్త మిగిలిపోయి కేన్సర్‌లా పెరుగుతుంటే ఆ నంబరు పట్టిస్తుంది. నంబర్లన్నీ కేలండర్ మీద రాసుకున్నా. దిగుతూ వచ్చాయి. తర్వాత దిగడం ఆగింది. ఆపైన పెరిగింది.

అప్పటికి నాకు నెత్తురు కనపడటం లేదు. నొప్పి లేదు. రోజూ ఉద్యోగానికి పోతున్నా, వండుకుంటున్నా. ఆ నంబరు చూసుకోకపోతే నాకేం తెలిసేది? ఇది ఊపిరితిత్తులకి పాకేదాకా ఊరుకుంటే దగ్గులో నెత్తురు పడుతుందట, టీబీ అనుకుని మందులు వాడే ప్రమాదం కూడా ఉంది. ముక్క కోసి పరీక్ష చేయాలన్నా నెత్తురు ఆగదని భయం. అందుకే ముత్యాల గర్భం తర్వాత నంబరు ఇలా పెరిగితే చాలు, దాన్ని బట్టే వైద్యం మొదలుపెడతారు.

నాకిచ్చింది మెథోట్రెక్సేట్ అనే కేన్సర్ మందు ఇంజెక్షన్. పసుపు కలిపిన నీళ్లలా ఉంటుంది. రోజు విడిచి రోజు నాలుగు ఇంజెక్షన్లు, మధ్య రోజుల్లో ఆ మందు దెబ్బ తగ్గించే ఫోలినిక్ యాసిడ్ బిళ్ల, ఒక వారం విరామం, మళ్లీ మొదలు. జుట్టు ఊడలేదు. నోరంతా పూసి, గోంగూర మాట తలుచుకుంటేనే కళ్లలో నీళ్లు తిరిగేవి. చప్పటి పెరుగన్నం మీద నెలలు గడిపాను. ఆ మందు తయారుచేసిన బృందాన్ని నడిపించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారని ఆసుపత్రిలో కూర్చుని ఫోన్‌లో చదివాను. ఆయన 1948లోనే పోయారు. 1956లో అమెరికాలో మిన్ చ్యూ లీ, రాయ్ హెర్ట్జ్ అనే డాక్టర్లు అదే మందుతో ఈ జబ్బు ఒంట్లో పాకిన ఆడవాళ్లను బతికించారు. ఆ మాట చదివి ఎంతసేపు ఏడ్చానో. మన తెలుగాయన చెయ్యి నెత్తిన పెట్టినట్టనిపించింది.

బుజ్జికి మందు అవసరం పడకపోవచ్చు. కంప్లీట్ అయితే నూటికి పదిహేను మందికి, పార్షియల్ అయితే ఒకరికి అటూఇటూగా కీమో కావాల్సి వస్తుంది. వచ్చినా, తొలిదశలో పట్టుకుంటే దాదాపు అందరికీ నయమవుతుంది. పట్టుకోవాలంటే పరీక్ష ఉండాలి, అంతేనక్కా. నంబరు మామూలుకొచ్చేదాకా వారానికో రెండు వారాలకో రక్తం ఇవ్వాలి. మెడికల్ షాపులో దొరికే ప్రెగ్నెన్సీ కార్డు చాలదు, అంకె తెలియాలి. వీలైతే ప్రతిసారీ ఒకే ల్యాబ్. మామూలుకొచ్చాక కూడా డాక్టరమ్మ చెప్పినన్ని నెలలు ఆపొద్దు.

ఇంకొకటి, అత్తగారు దసరాలోపు మళ్లీ నెల తప్పాలంటోందన్నావు. వద్దు. కొత్త గర్భం వస్తే అదే హార్మోన్ పెరుగుతుంది, లోపల జబ్బు పెరిగినా తెలియదు. డాక్టరమ్మ సరేననేదాకా ఆగమను. నేను కీమో అయ్యాక ఏడాది ఆగాను. ఆ ఏడాదంతా మీరు "ఇంకా ఏమీ లేదా" అని అడుగుతుంటే ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నది ఇందుకే. మా చిన్నోడు ఆ తర్వాత పుట్టినవాడే కదా. వాడు పుట్టిన కొన్ని వారాలకీ ఆ అట్టపెట్టె మళ్లీ వచ్చింది. అమ్మ మొక్కు తీర్చుకోవడానికి రొట్టెలు చేసుకుని చెరువుకి పోయిన రోజు, అసలు సంగతి చెప్పలేదే అని ఎంత బాధపడ్డానో. అమ్మకి నువ్వే నెమ్మదిగా చెప్పు.

పిలకాయలకి స్కూలు, బావగారికి పని, నీకు తీరదని తెలుసు. డబ్బు నేను పంపుతున్నా, దాని గురించి మాట్లాడకు. నంబరు దిగకపోతే ఆలస్యం చెయ్యకుండా పినాకిని రైలు ఎక్కించు, మద్రాసులో అడయారు కేన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది.

బుజ్జి ల్యాబ్ రిపోర్టు ఫొటో తీసి పంపు, కంప్లీటా పార్షియలా చూడాలి. బుధవారం మీకు తెల్లారేసరికి ఫోన్ చేస్తా. ఆలోపు రక్తం ఇచ్చి రమ్మను.

నీ చెల్లెలు