జాగోరిని నడిచి చూడాలి

సంపాదకుల వారికి,

మీ ఆదివారం సంచికలో గ్రీసు గురించి వచ్చిన యాత్రా వ్యాసం చదివాను. ద్వీపాలను పక్కన పెట్టి వాయవ్య గ్రీసులోని ఎపిరస్ కొండల్లో ఉన్న జాగోరి ఊళ్ల గురించి రాసినందుకు సంతోషం. అయితే అక్కడి రాతి వంతెనలను ఒట్టోమాన్ పాలకులు కట్టించారనీ, దగ్గరి పట్టణమైన ఇయోనినా నుంచి కారులో వెళ్లి ఒక్క పూటలో అన్నీ చూసి రావచ్చనీ రాసిన రెండు మాటలనూ సరిదిద్దవలసి ఉంది.

పాలన ఒట్టోమాన్లదే అయినా, ఆ వంతెనలకు సొమ్ము పెట్టినవారు ఎక్కువగా ఆ ఊళ్లవారే. మగవాళ్లు వర్తకానికి దూరదేశాలు పోయి పంపిన సంపాదనతో వంతెనలు, బడులు, చర్చిలు లేచాయి. కీపి ఊరి దగ్గర 1750లో కట్టిన ఒంటి కమాను వంతెనకు నూత్సోస్ అనే దాత పేరుంది. అయినా పక్కనే నీటిమర నడిపిన కొక్కోరోస్ పేరే జనం నోట ఎక్కువగా నిలిచింది, పాపం దాత! మూడు కమానుల కలోయెరికో వంతెనను 1814లో ఒక మఠాధిపతి రాతితో కట్టించాడు గనుక దానికి సన్యాసి వంతెన అన్న అర్థంలో ఆ పేరు వచ్చింది.

ఇక ఒక్క పూట మాట. నలభైకి పైగా ఉన్న ఈ ఊళ్ల మధ్య మోటారు రోడ్లు పడకముందు కల్దెరీమి అనే రాళ్లు పరిచిన బాటలే దిక్కు. వాగు పొంగితే బాట తెగిపోతుంది కాబట్టి వంతెన కట్టారు. ఆ బాట మీద కాలు పెట్టకుండా వంతెనను మాత్రం చూసినవారికి అది రోడ్డు పక్కన నిలబెట్టిన బొమ్మలాగే కనిపిస్తుంది. ఊళ్లకు ఎగువన నిట్టనిలువు వాలుల్లో ఉన్న అడవుల సంగతీ అంతే. అక్కడ గొడ్డలి పెట్టినవాడికి చర్చి వెలి తప్పదని పూర్వం కట్టడి చేశారు, ఎందుకంటే చెట్లు పోతే మట్టి జారి ఇళ్ల మీద పడుతుంది. ఆ ముదురు చెట్ల కింద నిలబడి, దిగువన రాతి పలకలు కప్పిన ఇళ్లను చూసినప్పుడే నాకు ఆ కట్టడి ఎంత అవసరమో అర్థమైంది. 2023లో యునెస్కో కూడా జాగోరిని సాంస్కృతిక భూదృశ్యంగానే, అంటే మనుషులూ ప్రకృతీ కలిసి తీర్చిన చోటుగానే, ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

వ్యాసాన్ని మళ్లీ ప్రచురించేటప్పుడు, విట్సా ఊరి నుంచి మెట్లబాటన 1748 నాటి మిసియోస్ వంతెనకు దిగి, అవతలి గట్టు మీదుగా కుకూలీకి నడిచే దారిని కూడా చేర్చవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు