దసరా ముందు పాలిష్‌కి వచ్చేవాళ్లకి: ఈసారి ఒక్క రోజులో బండి ఇవ్వం

మా షాపులో కారు పెయింటు పాలిష్‌కి దసరా బుకింగులు మొదలయ్యాయి. ఫోన్లో అందరూ అడిగేవి రెండే: పొద్దున ఇస్తే సాయంత్రానికి ఇచ్చేస్తారా, గీతలన్నీ పోతాయా అని. సాయంత్రానికి ఇవ్వలేం, గీతలన్నీ పోవు. ఎందుకో వివరంగా రాస్తున్నాం. చదివాక బుక్ చేసుకోవాలో వద్దో మీరే తేల్చుకోండి.

ఎండలో బానెట్ మీద సూర్యుడి చుట్టూ సాలెగూడులా కనిపించే సన్న గీతలే స్విర్ల్ మార్కులు. నిజానికి అవి గుండ్రంగా ఉండవు. అన్ని దిక్కులా పడ్డ గీతల్లో వెలుతురుకు అడ్డంగా ఉన్నవి మాత్రమే మెరిసి వలయంలా కనిపిస్తాయి. బెజవాడలో ఇవి రోడ్డు మీద కంటే అపార్ట్‌మెంట్ సెల్లార్లోనే ఎక్కువ పడతాయి. తెల్లవారుజామున ఒకే బకెట్టు, ఒకే గుడ్డతో వరసగా పది కార్లు తుడిచేస్తారు. మొదటి కారు ఇసుక పదో కారు దాకా ఆ గుడ్డలోనే ఉంటుంది. దుమ్ము మీదే బాడీ కవర్ కప్పినా అంతే. గాలికి కవర్ ఊగినప్పుడల్లా రాపిడే.

కంపెనీ పెయింటు మందం ఇనుప రేకు మీద ప్రైమరు, రంగు, దాని మీద రంగులేని పొర క్లియర్ కోటు అన్నీ కలిపి సుమారు 100 నుంచి 140 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). అందులో పైనున్న క్లియర్ కోటు 35 నుంచి 50. రంగును ఎండ నుంచి కాపాడేది అదే. పాలిష్ చెయ్యడమంటే గీతను పూడ్చడం కాదు, గీత అడుగు దాకా చుట్టూ ఉన్న క్లియర్ కోటును అరగదీయడం. కాంపౌండ్ (గట్టిగా అరగదీసే పేస్టు) ఒక విడత కొడితే సాధారణంగా 2, 3 మైక్రాన్లు పోతుంది. సన్న పాలిష్‌తో ఒకటి లోపే. మొత్తం మీద 8 దాటకూడదని మా షాపులో కట్టుబాటు. అరిగిన క్లియర్ కోటు మళ్లీ పెరగదు కదా. అందుకే గోరు పెట్టి లాగితే గోరుకు తగిలే గీతను పూర్తిగా తీసే ప్రయత్నం చెయ్యం. దాని అంచులు కాస్త మెత్తబడి తక్కువగా కనిపిస్తుంది, అంతే.

ఇకనుంచి మీ ఎదురుగానే పెయింటు మందం కొలిచే మీటరు పెట్టి ప్రతి ప్యానెల్‌కి నాలుగైదు చోట్ల రీడింగ్ తీసి, కాగితం మీద రాసి ఇస్తాం. 180, 200 మైక్రాన్లు దాటితే ఆ ప్యానెల్‌కి ఎప్పుడో మళ్లీ పెయింటు పడిందని అనుమానించాలి. 500, 600 వస్తే కింద లప్పం ఉన్నట్టే. 90 కంటే తక్కువొస్తే ఇంతకుముందే ఎవరో గట్టిగా రుద్దేశారేమోనని సన్న పాలిష్‌తో ఆపేస్తాం. ఇక్కడ ఒక్కటి దాచకుండా చెప్పాలి. ఈ మీటరు చూపించేది మొత్తం మందమే. అందులో క్లియర్ కోటు ఎంత మిగిలిందో మా అంచనానే. రూఫ్ మీద తెల్ల మచ్చలు లేచి, అంచు గోరుకు తగులుతుంటే క్లియర్ కోటు ఊడిపోతోందన్నమాట. దానికి పాలిష్ డబ్బులు దండగ, పెయింటు షాపుకే వెళ్లండి.

మొదటి రోజు సగం కడగడానికే పోతుంది. ముందు ప్రెషర్ నీళ్లు, తర్వాత రెండు బకెట్లతో షాంపూ. బ్రేకుల నుంచీ గ్రైండింగ్ పనుల నుంచీ ఎగిరిన ఇనుప రజను పెయింటులో గుచ్చుకుని ఉంటుంది. ఆటోనగర్ చుట్టుపక్కల ఆగే బళ్లకి మరీను. ఐరన్ రిమూవర్ కొడితే అది ఊదారంగులోకి కరిగి కారుతుంది. మిగిలిన గరుకు క్లే బారుతో, అంటే బంకమట్టి లాంటి ముద్దతో రుద్దితే పోతుంది. ఇది చెయ్యకుండా మెషిన్ పెడితే ఆ రజనే ప్యాడ్‌లో చేరి కొత్త గీతలు పెడుతుంది. రబ్బరు బీడింగులకీ నల్ల ప్లాస్టిక్‌కీ టేపు వేస్తాం. గరుకు ప్లాస్టిక్‌లో కాంపౌండ్ ఇరుక్కుంటే ఆ తెలుపు ఓ పట్టాన వదలదు.

తర్వాత బానెట్ మీద రెండడుగుల చదరంలో పరీక్ష. మెత్తటి ఫోమ్ ప్యాడ్, సన్న పాలిష్‌తో మొదలుపెడతాం. సరిపోకపోతేనే మైక్రోఫైబర్ ప్యాడ్, కాంపౌండ్. శనగగింజంత చుక్కలు మూడు నాలుగు, నిలువుగా అడ్డంగా నాలుగు నుంచి ఆరు సార్లు (ఇదంతా కలిపితే ఒక విడత), చెయ్యి నిదానంగా కదలాలి. డీఏ మెషిన్‌కి (తిరుగుతూనే అటూ ఇటూ ఊగే మెషిన్) ప్యాడ్ అతికించే ప్లేటు అంచున నల్ల మార్కర్‌తో ఒక గీత గీసి పెట్టుకుంటాం. ఆ గీత తిరగడం కనిపించాలి. ఎక్కువ నొక్కినా, వంపు మీద ప్యాడ్ సమంగా ఆనకపోయినా ప్లేటు తిరగడం మానేసి ఊరికే వణుకుతుంది. శబ్దం మాత్రం అలాగే వస్తుంది, గీతలు పోవు. అనుభవం లేని చేతుల్లో టైం దండగయ్యేది ఇక్కడే. ప్రతి చదరం అయ్యాక ప్యాడ్‌కి గాలి కొట్టాలి, లేకపోతే అరిగిన పెయింటూ కాంపౌండూ గట్టిపడి మసక తెస్తాయి. డోరు అంచులు, బాడీ లైన్ల మీద పెయింటు పల్చగా ఉంటుంది కాబట్టి అక్కడ మెషిన్ ఆపి చేత్తోనే చేస్తాం.

ఊగకుండా గుండ్రంగా మాత్రమే తిరిగే రోటరీ మెషిన్‌కి ఉన్ని ప్యాడ్ వేసి గబగబా కొడితే పని మూడు గంటల్లో అయిపోతుంది, ట్యూబులైటు కింద అద్దంలానే ఉంటుంది. ఎండలోకి తీస్తే నల్ల బండి మీద పొగలాంటి చారలు కదులుతూ కనిపిస్తాయి. ఇంకొన్ని చోట్ల నూనె, మైనం ఉన్న గ్లేజ్ పూసి గీతలు కప్పేస్తారు. నాలుగు వాష్‌లకి గీతలన్నీ తిరిగొస్తాయి. అందుకే మేం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్లు సగంసగం కలిపి తుడిచి, నూనె పోయాకే ఎండలో చూపించి బండి ఇస్తాం.

దసరా నాటికి కూడా మధ్యాహ్నం రేకు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. కాలిన రేకు మీద కాంపౌండ్ ఆరి పొడి రాలుతుంది, అరగదీసే శక్తి తగ్గుతుంది. కాబట్టి మెషిన్ పని ఉదయం ఆరు నుంచి పది, మళ్లీ సాయంత్రం నాలుగు తర్వాతే. రెండు రోజులు పట్టేది అందుకే. సిరామిక్ కోటింగ్ (పెయింటు మీద పూసే రక్షణ పొర) కూడా కావాలంటే మరో రోజు బండి తడవకుండా షెడ్డులో ఉండాలి. కోటింగ్ గీతల్ని కప్పదు, కొత్తవి పడకుండా పూర్తిగా ఆపదు. నీళ్లు జారతాయి, కడగడం తేలికవుతుంది. అంతకు మించి ఎవరు చెప్పినా నమ్మకండి.

దుర్గమ్మ కొండ దగ్గర వాహన పూజ చేయించేవాళ్లకి రెండు మాటలు. పూలదండ తీగతో కట్టింది కాకుండా దారంతో కట్టింది తీసుకోండి, బానెట్ మీద తీగ పెట్టిన గీత గోరుకు తగిలేంత లోతుంటుంది. పసుపు కుంకుమ ఆరాక పొడిగుడ్డతో తుడవద్దు, అదే రోజు ధారగా నీళ్లు పోసి కడగండి. బోరు నీళ్లయితే పెయింటు మీదే ఆరనివ్వకుండా మైక్రోఫైబర్ టవల్‌తో అద్దండి. తెల్ల మచ్చలు పడితే తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి ఒక నిమిషం ఉంచి కడిగితే పోతాయి. ఎండకి పెయింటులోకి దిగిపోయినవైతే పోవు.

రేటు ఫోన్లో చెప్పం, మీటరు పెట్టాకే. బండి కడిగి తేనక్కర్లేదు. పెయింటు ఎక్కడైనా మళ్లీ వేయించి ఉంటే ముందే చెప్పండి. బంపర్ల సంగతి మరీ ముఖ్యం, ప్లాస్టిక్ మీద మా మీటరు పనిచెయ్యదు.